చల్లని గొట్టం నుంచి మొదటి తూటా: వేట రైఫిల్‌పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వేట రైఫిల్ ఎంపిక, స్కోప్ (గురిచూసే దుర్భిణి) బిగింపు, జీరో చేయడం (గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సరిచేయడం) గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగినవాటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. కింద చెప్పిన ఏ పనికైనా ముందు మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ (గొట్టాన్ని వెనక నుంచి మూసే కడ్డీ) వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూసుకోండి. తూటాలు పక్క గదిలో ఉండాలి, పనిచేసే బల్ల మీద కాదు.

ప్రశ్న: మొదటిసారి రైఫిల్ కొంటున్నానండీ. జింక, అడవిపంది పాటి జంతువులే, దూరం 200 మీటర్లు దాటదు. తెలిసినవాళ్ళలో ఒకాయన పెద్ద మాగ్నమ్ (మందు ఎక్కువ పట్టే బలమైన తూటా రకం) తీసుకోమంటున్నారు, ఇంకొకాయన చిన్నదే చాలంటున్నారు. ఏది తీసుకుంటే గురి బాగా కుదురుతుంది?

జవాబు: లైసెన్సు, సీజను, ఏ జంతువుకు కనీసం ఎంత క్యాలిబర్ వాడాలి అన్నవి చోటుచోటుకూ మారతాయి. కొన్నిచోట్ల వేట పూర్తిగా నిషేధం. అది తేల్చుకున్నాకే తుపాకీ మాట.

ఇక లెక్క చూద్దాం. జింక పాటి జంతువుకు గుండె, ఊపిరితిత్తులు కలిపి సుమారు 20 సెం.మీ. వలయంలో ఇమిడిపోతాయి. 200 మీటర్ల దగ్గర మీ తూటా ప్రతిసారీ ఆ వలయంలో పడితే చాలు. బల్ల మీద నుంచి 100 మీటర్లకు 4 సెం.మీ. గ్రూప్ (ఒకే గురికి కాల్చిన తూటాలు పడిన మేర) వేసే రైఫిల్, 200 దగ్గర 8 సెం.మీ. వేస్తుంది. మిగిలిన 12 సెం.మీ. మీ చేతి కదలికకు, గాలికి, దూరం అంచనాలో వచ్చే తప్పుకు పోతాయి. అంటే రైఫిల్ తప్పు కన్నా కాల్చే మనిషి తప్పుకే ఎక్కువ చోటు వదలాలి. ఎంపిక కూడా ఆ మనిషిని చూసే జరగాలి.

అందుకే మీకు మాగ్నమ్ వద్దంటాం. ఒకే బరువున్న రైఫిళ్ళలో .300 విన్చెస్టర్ మాగ్నమ్ తన్ను (పేలినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి కొట్టే దెబ్బ), .308 తన్నుకు దాదాపు ఒకటిన్నర రెట్లుంటుంది. పది తూటాలు కాల్చేసరికి భుజం దానంతటదే ముందుగా బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ తెగి తూటా పేలే క్షణానికి కన్ను మూసుకుపోతుంది. ఒకసారి పట్టుకున్న బెదురు వదిలించుకోవడం చాలా కష్టం. 1906 నాటి .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 1925 నాటి .270 విన్చెస్టర్, 1952 నాటి .308 విన్చెస్టర్, 2007 నాటి 6.5 క్రీడ్‌మూర్, ఈ నాలుగు తూటా రకాల్లో ఏదైనా మీరు చెప్పిన జంతువులకు, ఆ దూరానికి సరిపోతుంది. తన్ను తక్కువ కావాలంటే 6.5 తీసుకోండి. రకరకాల తూటాలు సులువుగా దొరకాలంటే .308 తీసుకోండి. రెండింటి మధ్య నలిగిపోయేంత తేడా 200 మీటర్ల లోపు లేదు.

రైఫిల్ బోల్ట్ యాక్షన్‌దైతే మేలు. భాగాలు తక్కువ, ప్రతి తూటా ఛాంబర్‌లో ఒకే తీరుగా కూర్చుంటుంది. స్కోప్ లేకుండా 3 నుంచి 3.5 కిలోల బరువు నడకకూ, నిలకడకూ మధ్యస్థంగా ఉంటుంది. అంతకన్నా తేలిక రైఫిళ్ళు మోయడానికి హాయిగానే ఉంటాయి, కానీ చేతిలో ప్రతి గుండె చప్పుడుకూ కదులుతాయి, ఎక్కువగా తంతాయి.

కొనేముందు దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. రైఫిల్ ఖాళీ అని చూసుకుని, కళ్ళు మూసుకుని భుజానికి ఆనించి, చెంప స్టాక్ (గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే భాగం) మీద పెట్టి కళ్ళు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా, చుట్టూ నల్లనీడ లేకుండా కనిపించాలి. దాని కోసం మెడ సాచాల్సి వస్తే, గడ్డం పైకెత్తాల్సి వస్తే ఆ స్టాక్ మీ ఒంటికి కుదరలేదన్నమాట. ఎంత మంచి గొట్టమైనా కుదరని స్టాక్ మీద గురి నిలవదు.

ప్రశ్న: పాత రైఫిల్ ఒకటి బేరానికి వచ్చింది. చూడ్డానికి బాగుంది. ఏమేం చూడాలి?

జవాబు: పైన మెరుపు చూడకండి, గొట్టం మూతి చూడండి. గుండు గొట్టాన్ని వదిలే చివరి అంచు అది. గుండును తిప్పే లోపలి గాళ్ళు ఆ అంచు దగ్గర అన్నివైపులా ఒకే తీరుగా తెగి ఉండాలి. ఒకవైపు చిన్న నొక్కు ఉన్నా గుండు వెనకున్న వాయువు ఆ వైపు నుంచి ముందు బయటపడి గుండును పక్కకు నెడుతుంది. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను మూతి లోపలి నుంచి బయటికి, ఒక్కో గాడి అంచు మీదుగా లాగండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే. ఇది దిద్దడానికి వీలున్న లోపమే, తుపాకీ పనివాడు మూతిని మళ్ళీ కోసి సరిచేస్తాడు.

దిద్దలేనిది ఛాంబర్ ముందు అరిగిన గొట్టం. అక్కడ గాళ్ళు మొదలయ్యే చోట ఎండిన చెరువు నేలలా పగుళ్ళు కనిపిస్తే ఆ గొట్టం వేల తూటాలు చూసిందని అర్థం. బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ను మూసి పట్టే పళ్ళు) రెండూ ఒకే తీరుగా మెరుగెక్కి ఉన్నాయా, స్టాక్‌లో రీకాయిల్ లగ్ (తన్నును స్టాక్‌కు అందించే లోహపు దిమ్మె) కూర్చునే చోటు వెనక, పిడి దగ్గర పగులు ఉందా చూడండి. హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ, ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకూ మధ్య దూరం) మాత్రం కంటితో తేలదు. కొలిచే గేజ్‌లు పెట్టి పనివాడి చేత చూపించుకోకుండా అందులో తూటా పెట్టకండి.

ప్రశ్న: ఎంఓఏ అంటే ఏమిటి సార్? “ఒక ఎంఓఏ గ్యారంటీ” అని రాసి ఉన్న రైఫిలే కొనాలా?

జవాబు: డిగ్రీలో 60వ వంతు కోణాన్ని ఎంఓఏ అంటారు. 100 మీటర్ల దగ్గర అది 29 మి.మీ., 200 దగ్గర 58 మి.మీ. గ్యారంటీ చదివేటప్పుడు ఎన్ని తూటాల గ్రూపో చూడండి. మూడు తూటాల గ్రూప్ అదృష్టవశాత్తు చిన్నగా పడొచ్చు. అదే రైఫిల్‌తో పది కాలిస్తే గ్రూప్ అంతకన్నా పెద్దదిగానే తేలుతుంది. ఎవరి జేబులోనైనా మూడు తూటాల మంచి గ్రూప్ కాగితం ఒకటి ఉంటుంది, దాన్ని బట్టి ఏదీ నిర్ణయించకండి. ఐదేసి తూటాల గ్రూప్‌లు మూడు వేసి, సగటున 1.5 ఎంఓఏ వచ్చిందంటే వేటకు అది మంచి రైఫిల్.

ప్రశ్న: కొత్త స్కోప్ నేనే బిగించుకున్నాను. మొదట బాగానే ఉంది. ఇరవై తూటాల తర్వాత గురి ఎటుపడితే అటు పోతోంది. స్కోప్ చెడిపోయిందా?

జవాబు: చెడిపోయి ఉండొచ్చు. కానీ ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బిగింపు దగ్గరే తేలిపోతాయి. మొత్తం విప్పి మొదటి నుంచి బిగించండి. దానికి ఒక పూట పడుతుంది, తొందరపడొద్దు.

చిన్న కొలతల టార్క్ రెంచ్ ఒకటి కొనండి. ఇందులో కొనకుండా గడవని పనిముట్టు అదొక్కటే. చేతి అంచనాతో బిగించిన స్క్రూలు నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి.

బేస్ (రైఫిల్ మీద రింగులు కూర్చునే పలక) స్క్రూలు, అవి ఎక్కే రంధ్రాలు స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి ఆరనివ్వండి. కార్ఖానాలో పూసిన నూనె అక్కడే ఉండిపోతే ఎంత బిగించినా తన్నుకు వదులవుతుంది. స్క్రూ మరల మీద తర్వాత విప్పడానికి వీలయ్యే మధ్యరకం లాకింగ్ జిగురు ఒక్క చుక్క వేసి, 2.3 నుంచి 2.8 న్యూటన్ మీటర్లకు బిగించండి. తయారీదారు వేరే అంకె ఇచ్చి ఉంటే అదే ఖాయం. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. బేస్ ముందరి స్క్రూ పొడవు ఒక మర ఎక్కువైనా దాని కొన లోపల బోల్ట్ లగ్ తిరిగే చోటికి పొడుచుకొస్తుంది. బేస్ బిగించాక బోల్ట్ మూసి తెరిచి చూడండి. ఇంతకుముందు లేని పట్టు ఇప్పుడు తగిలితే ఆ స్క్రూ తీసి కొనను కొంచెం అరగదీయాలి.

రింగులు (స్కోప్‌ను పట్టే కట్లు) ఎంత పొట్టివైతే అంత మంచిది, అయితే స్కోప్ ముందున్న గుండ్రటి భాగం రైఫిల్ గొట్టానికి తగలకూడదు. మధ్యలో 3 మి.మీ. సందు ఉంటే చాలు. వెనకవైపు బోల్ట్ పిడి పూర్తిగా పైకెత్తినా కంటి భాగానికి తగలకూడదు. రింగ్ కింది భాగాన్ని బేస్ రెయిల్ గాడిలో పెట్టి, గొట్టం మూతి వైపు నెట్టి పట్టుకుని బిగించండి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ ఉన్నచోటే ఉండబోతుంది, అంటే రెయిల్ మీద ముందుకు జారాలని చూస్తుంది. ముందే గాడి అంచుకు ఆని ఉంటే జారడానికి చోటుండదు. మీ గురి ఇరవై తూటాల్లో చెదిరిందంటే మేం మొదట అనుమానించేది దీన్నే.

తర్వాత స్కోప్‌ను రింగుల్లో పెట్టి, పై మూతలు వేలితో తిప్పినంతే బిగించండి. జూమ్ పూర్తిగా పెంచండి. కళ్ళు మూసుకుని రైఫిల్ ఎత్తి, కళ్ళు తెరిచి, బొమ్మ నిండేదాకా స్కోప్‌ను ముందుకో వెనక్కో జరపండి. కంటికీ అద్దానికీ మధ్య సుమారు 9 సెం.మీ. వస్తుంది. అదే పని కూర్చునీ, బోర్లా పడుకునీ చేయండి. పడుకున్నప్పుడు తల ముందుకొస్తుంది. నిలబడి సరిచూసిన స్కోప్ పడుకున్నప్పుడు కనుబొమ చీరేసేంత దగ్గరవుతుంది.

స్కోప్‌లో గురి చూపే అడ్డగీతలు నిటారుగా ఉండాలంటే 25 మీటర్ల దూరంలో బరువు కట్టిన తాడు వేలాడదీయండి. రైఫిల్‌ను బల్ల మీద వంకర లేకుండా నిలిపి, నిలువు గీత ఆ తాడు మీద పడేలా స్కోప్ తిప్పండి. ఇప్పుడు మూతల స్క్రూలు ఎదురెదురుగా, ఒక్కోటి పావు చుట్టు చొప్పున, రెండువైపులా సందు సమానంగా ఉండేలా చూసుకుంటూ 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల వరకే బిగించండి. ఇక్కడ ఎక్కువ బిగిస్తే భద్రం అనుకుంటారు. స్కోప్ గొట్టం పలుచని అల్యూమినియం. అది నొక్కుకుపోతే లోపల కదిలే భాగాలు పట్టేస్తాయి. క్లిక్ (గురి జరిపే బొత్తాం ఒక్కో మెట్టు) తిప్పితే వెంటనే కదలవు, రెండు తూటాల తర్వాత ఒక్కసారిగా దూకుతాయి. విప్పి చూస్తే గొట్టం మీద రింగ్ అంచు గీత కనిపిస్తుంది.

అన్నీ అయ్యాక ప్రతి స్క్రూ తల మీద నుంచి పక్కనున్న లోహం మీదికి గోళ్ళరంగుతో సన్నని గీత గీయండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే స్క్రూ కదిలిందని బల్ల దగ్గరికి పోకుండానే తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా గురి చెదురుతుంటే, బాగా పనిచేస్తుందని తెలిసిన వేరే స్కోప్ పెట్టి కాల్చండి. అప్పుడు నిలిస్తే మీ అనుమానం నిజమే.

ప్రశ్న: మా రైఫిల్‌కు చెక్క స్టాక్. ఎండాకాలంలో జీరో చేస్తే వానాకాలానికి నాలుగైదు సెంటీమీటర్లు పక్కకు కొడుతోంది. ఎందుకిలా?

జవాబు: చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ముందుభాగం మెలి తిరిగి గొట్టానికి ఒక పక్కన ఒత్తుతుంది. తూటా పేలినప్పుడు గొట్టం తీగలా కంపిస్తుంది. ఒత్తిడి మారితే ఆ కంపనం మారుతుంది, దెబ్బ తగిలే చోటూ మారుతుంది.

ఒక కాగితం ముక్కను మడతపెట్టి గొట్టానికీ స్టాక్‌కూ మధ్య దూర్చి మూతి వైపు నుంచి వెనక్కి లాగండి. యాక్షన్ (బోల్ట్ నడిచే లోహపు భాగం) దాకా ఎక్కడా ఆగకుండా రావాలి. ఆగిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టి ఆ చోట అరగదీయండి. చెక్క స్టాక్‌కు 1.5 నుంచి 2 మి.మీ. సందు వదలండి, వానలో ఉబ్బడానికి కూడా చోటు కావాలి కదా. అరగదీసిన చోట చెక్క పచ్చిగా బయటపడుతుంది. అక్కడ పాలిష్ రెండు మూడు పూతలు వేయకపోతే తేమ ముందుకన్నా ఎక్కువగా ఎక్కుతుంది.

కొన్ని స్టాకులకు కొన దగ్గర గొట్టాన్ని పైకి ఒత్తే చిన్న మెట్టును కావాలనే పెడతారు. దాన్ని తీసేస్తే కొన్ని సన్న గొట్టాలు బాగుపడతాయి, కొన్ని పాడవుతాయి. ముందు ఆ మెట్టు అలాగే ఉంచి, యాక్షన్ కింద రెండు చోట్లా పలుచటి అట్టముక్క పెట్టి గొట్టాన్ని తాత్కాలికంగా పైకి లేపి కాల్చి చూడండి. గ్రూప్ చిన్నదైతేనే మెట్టు తీయండి.

ఇక అసలు కీలకం యాక్షన్ కూర్చునే చోటు. దాన్ని పరీక్షించడం సులువు. రైఫిల్‌ను నిలబెట్టి, ఎడమచేతి వేలిని స్టాక్ కొనకూ గొట్టానికీ ఒకేసారి తగిలేలా పెట్టి, కుడిచేత్తో ముందరి యాక్షన్ స్క్రూ మెల్లగా వదులు చేయండి. వేలికి కదలిక తెలిసిందంటే యాక్షన్ వంగి కూర్చుంటోందన్నమాట. డయల్ గేజ్ పెట్టి కొలిస్తే ఈ కదలిక 0.05 మి.మీ. దాటకూడదు. దాటితే ఎపాక్సీతో బెడ్డింగ్ చేయాలి, అంటే యాక్షన్ కూర్చునే చోట దానికి సరిపడే అచ్చు పోయాలి.

బెడ్డింగ్‌లో జనం చేసే పెద్ద తప్పు రెండు రకాలు. మొదటిది, విడుదల పూత సరిగా వేయకపోవడం. ఎపాక్సీ తాకే ప్రతి లోహపు చోటికీ, స్క్రూ మరలకు కూడా మైనం గానీ అందుకోసం అమ్మే పూత గానీ రెండుసార్లు పూయాలి. ఒక్క వేలిముద్రంత చోటు మిగిలినా యాక్షన్ స్టాక్‌కు శాశ్వతంగా అతుక్కుంటుంది. యాక్షన్ మీదున్న రంధ్రాలను, మూలలను పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టితో నింపాలి. లేకపోతే ఎపాక్సీ వాటిలో గడ్డకట్టి కొక్కెంలా పట్టేస్తుంది. రెండో తప్పు, ఎపాక్సీ గట్టిపడే సమయంలో స్క్రూలు గట్టిగా బిగించడం. అలా చేస్తే వంగిన యాక్షన్‌కు సరిగ్గా అచ్చు పోసినట్టే. రీకాయిల్ లగ్‌కు ముందు, పక్కల, కింద ఒక్కో పొర టేప్ అంటించి వెనకవైపు మాత్రం ఖాళీగా వదలండి, ఎందుకంటే తన్ను మోయాల్సింది ఆ వెనక ముఖమే. స్క్రూలు వేలితో బిగించినంతే బిగించి, 24 గంటలు కదపకుండా ఉంచండి.

తిరిగి బిగించేటప్పుడు రైఫిల్‌ను దాని మడమ (భుజానికి ఆనే చివర) మీద నిలబెట్టి నేల మీద మెత్తగా ఒకసారి తట్టండి, లగ్ వెనక్కి కూర్చుంటుంది. ముందరి స్క్రూ మొదట, వెనకది తర్వాత. ఉత్త చెక్కయితే 4.5 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగండి. స్క్రూల చుట్టూ అల్యూమినియం గొట్టాలు దించిన స్టాకైతే 7 దాకా పోవచ్చు.

ప్రశ్న: జీరో చేయడానికి నలభై తూటాలు ఖర్చయ్యాయి, ఇంకా కుదరలేదు. పద్ధతి చెప్పండి.

జవాబు: పదిహేను చాలు. మీరు ఒక్కో తూటాకూ ఒక్కోసారి క్లిక్ తిప్పుతున్నారని అనిపిస్తోంది. ఒక్క తూటా పడిన చోటు గ్రూప్‌లో ఏ మూలదో తెలియదు. దాన్ని చూసి తిప్పితే మీరు తరుముతున్నది రైఫిల్ సహజంగా వేసే చెదురునే.

ముందు కాల్చకుండానే దగ్గరికి తెచ్చుకోండి. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా నిలిపి, బోల్ట్ పూర్తిగా బయటికి తీసి, వెనక నుంచి గొట్టంలోంచి 25 మీటర్ల దగ్గరున్న గుండ్రటి నల్ల చుక్క చూడండి. చుక్క గొట్టం నడిమధ్యన ఉండగా, రైఫిల్ కదలకుండా అడ్డగీతలు కూడా అదే చుక్క మీదికి వచ్చేలా క్లిక్కులు తిప్పండి. తర్వాత 25 మీటర్లకు రెండు తూటాలు కాల్చండి. .308 లాంటి తూటాకు, మామూలు ఎత్తున్న స్కోప్‌కు, ఇక్కడ దెబ్బ చుక్కకు సుమారు 1.5 సెం.మీ. కింద పడితే 100 మీటర్ల దగ్గర జీరోకు చేరువలో ఉంటారు.

క్లిక్ లెక్కలోనే చాలామంది తప్పుతారు. పావు ఎంఓఏ స్కోప్‌కు ఒక క్లిక్ 100 మీటర్ల దగ్గర 7 మి.మీ. పైచిలుకు, 25 దగ్గర 2 మి.మీ. కన్నా తక్కువ. కాబట్టి 25 దగ్గర 4 సెం.మీ. సరిచేయాలంటే ఆరు క్లిక్కులు కాదు, దాదాపు 22 తిప్పాలి. 0.1 మిల్ (ఎంఓఏ లాంటిదే ఇంకో కోణపు కొలత) స్కోప్‌కైతే 100 దగ్గర ఒక క్లిక్ సరిగ్గా 1 సెం.మీ., 25 దగ్గర 2.5 మి.మీ.

ఇక 100 మీటర్లకు వెళ్ళి మూడు తూటాలు, మధ్యలో నిమిషం రెండు నిమిషాలు ఆగుతూ కాల్చండి. మూడింటి నడిమి బిందువు కొలవండి. ఉదాహరణకు 9 సెం.మీ. కింద, 4 సెం.మీ. కుడికి ఉంటే పావు ఎంఓఏ స్కోప్‌కు 12 క్లిక్కులు పైకి, ఐదో ఆరో ఎడమకు. మళ్ళీ మూడు కాల్చండి. కుదిరాక గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనిచ్చి ఐదు తూటాలతో ఖాయం చేసుకోండి. సన్నని వేట గొట్టం వేడెక్కితే తూటాలు వరుసగా ఒక దిక్కుకు పాకుతాయి. అప్పుడు మీరు తిప్పే క్లిక్కులు వేడి గొట్టానికి సరిపోతాయి, వేటలో కాల్చేది మాత్రం చల్లటి గొట్టం.

150 గ్రెయిన్ (గుండు బరువు కొలత) గుండు, సెకనుకు 850 మీటర్ల వేగం ఉన్న .308ను 100 దగ్గర 4 సెం.మీ. పైకి పెట్టుకుంటే, 200 మీటర్ల దాకా దెబ్బ మీ గురికి అటూఇటూ 5 సెం.మీ. లోపే పడుతుంది. నడిమికే గురిపెట్టి కాల్చొచ్చు. 300 దగ్గర మాత్రం సుమారు 30 సెం.మీ. కిందికి పోతుంది, అది ఆ 20 సెం.మీ. వలయానికి పూర్తిగా బయట. మీ తూటాకు ఈ అంకెలు కొంత మారతాయి కాబట్టి 150, 200 దగ్గర కాగితం మీద కాల్చి చూసుకోకుండా అడవికి వెళ్ళకండి.

చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చొద్దు. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు. పైగా ఆ మోతే సగం బెదురుకు కారణం.

ప్రశ్న: గ్రూప్ చక్కగా వస్తోంది కానీ ప్రతిరోజూ మొదటి తూటా మాత్రం పైకి, పక్కకి పోతోంది. దాన్ని లెక్కలోంచి తీసేయమని మిత్రులంటున్నారు.

జవాబు: తీసేయకండి. వేటలో మీకు నిజంగా పనికొచ్చే తూటా అదొక్కటే. జంతువు ముందు నిలబడి గొట్టం వేడిచేసుకునే అవకాశం ఎవరికీ ఉండదు.

ముందుగా నూనెను అనుమానించండి. దాచేటప్పుడు లోపల పూసిన నూనె పొర మీద నుంచి వెళ్ళే గుండు వేగం, ఒత్తిడి వేరేగా ఉంటాయి. కాల్చేముందు రెండు పొడి గుడ్డముక్కలు, అవసరమైతే స్పిరిట్ తడిపిన ముక్క ఒకటి లోపలికి నడిపి తుడవండి. అద్దంలా శుభ్రం చేసిన గొట్టం కూడా మొదటి రెండు మూడు తూటాలు వేరేచోట వేయొచ్చు. అందుకే జీరో ఖాయం చేశాక సీజన్ మధ్యలో లోతుగా శుభ్రం చేయకపోవడమే మంచిది.

తర్వాత ఐదు వేర్వేరు రోజులు, ఒకే కాగితం మీద, రోజుకు ఒకే ఒక తూటా చల్లటి గొట్టంతో కాల్చండి. కాగితం జాగ్రత్తగా దాచుకుని ప్రతిసారీ అదే తగిలించండి. ఒక్కో రంధ్రం పక్కన తేదీ రాయండి. ఐదో రోజుకు ఆ కాగితం మీదున్నదే మీ రైఫిల్ అసలు గ్రూప్. ఐదూ ఒకేచోట గుమిగూడి, మామూలు గ్రూప్‌కు పక్కన ఉంటే స్కోప్‌ను ఆ ఐదింటికే జీరో చేయండి. ఐదు చోట్ల ఐదు పడితే బెడ్డింగ్ గానీ రింగులు గానీ చూడాలి. లేదా ఆ రోజు మొదటి తూటాకు మీరే బెదురుతూ ఉండొచ్చు. ఇది తేల్చడానికి ఒక మిత్రుణ్ణి మీకు కనపడకుండా రైఫిల్ సిద్ధం చేయమనండి, కొన్నిసార్లు తూటా పెట్టి, కొన్నిసార్లు ఖాళీగా. ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కినప్పుడు మూతి కిందికి దిగిందంటే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ప్రశ్న: ట్రిగ్గర్ ఎంత తేలిగ్గా పెట్టుకోవచ్చు?

జవాబు: వేటకు 1.1 నుంచి 1.6 కిలోల మధ్య. చలికి మొద్దుబారిన వేలికి, చేతితొడుగు మీదికి అంతకన్నా తేలికది ప్రమాదం. నిజానికి బరువు కన్నా తెగే తీరు ముఖ్యం. గీరుకుంటూ జరిగే కిలో ట్రిగ్గర్ కన్నా గాజుపుల్లలా టక్కున తెగే కిలోన్నర ట్రిగ్గర్‌తో గురి బాగా వస్తుంది.

సర్దిన తర్వాత ఖాళీ రైఫిల్‌తో ఈ పరీక్షలు తప్పనిసరి. బోల్ట్‌ను పదిసార్లు విసురుగా మూయండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలి, ఆ తర్వాత సేఫ్టీ తీయండి. రైఫిల్ మడమను రబ్బరు పలక మీద తట్టండి. వీటిలో ఏ ఒక్కసారి పిన్ను పడిన చప్పుడు వినిపించినా ఆ సర్దుబాటు వెనక్కి తిప్పేయాలి. సీలు వేసిన స్క్రూలను మాత్రం పనివాడికే వదిలేయండి.

ప్రశ్న: బరువు అదే, తయారీ వేరు. అలాంటి తూటాలు వాడితే గురి మారింది. మరో పెట్టెలో తూటాలైతే కాగితానికి పక్కవాటుగా, పొడుగు రంధ్రాలు చేశాయి!

జవాబు: మొదటిది మామూలే. మందు వేరు, గుండు ఆకారం వేరు, గొట్టం కంపించే తీరు వేరు. తూటా మారిస్తే జీరో మళ్ళీ చూసుకోవాలి. మూడు నాలుగు రకాలు ఒక్కో పెట్టె తెచ్చి, ఐదేసి చొప్పున రెండు గ్రూప్‌లు వేసి, మీ గొట్టానికి నచ్చినది ఎంచుకోండి. పెట్టె మీద ఒకే లాట్ నంబరు ఉన్నవి సీజన్‌కు సరిపడా ఒకేసారి కొనండి.

రెండోది గొట్టానికీ గుండుకూ పొసగకపోవడం. గాళ్ళు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో అదే ట్విస్ట్. పొడవైన గుండు నిలకడగా పోవాలంటే వేగంగా తిరగాలి. 6.5 క్రీడ్‌మూర్‌కు 8 అంగుళాలకో చుట్టు ఉంటే, .308కు 10 గానీ 12 గానీ ఉంటుంది. 12 అంగుళాల ట్విస్ట్ ఉన్న .223లో పొడవైన 69 గ్రెయిన్ గుండు పెడితే అది బొంగరం తూలినట్టు తూలి పక్కవాటుగా తగులుతుంది. ఉత్త రాగి గుండ్లు సీసపు గుండ్ల కన్నా అదే బరువుకు పొడుగ్గా ఉంటాయని మరవకండి. ఆ పెట్టె ఇక ఆ రైఫిల్‌లో వాడొద్దు.

ప్రశ్న: ఎన్ని తూటాలకోసారి శుభ్రం చేయాలి? కొందరు ప్రతిరోజూ అంటారు.

జవాబు: గ్రూప్ పెద్దదవడం మొదలైనప్పుడు. లేదా తడిసినప్పుడు వెంటనే. ఊచను ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచే, బోర్ గైడ్ (ఊచను గొట్టం మధ్యలో నడిపించే పనిముట్టు) పెట్టి నడపండి. మూతి వైపు నుంచి నడిపితే ఊచ అంచును అరగదీస్తుంది, పైన చెప్పిన ఆ అంచునే. రాగి కరిగించే ద్రవం పట్టించి 10, 15 నిమిషాలు ఆగి గుడ్డ నడిపితే నీలిపచ్చ మరక వస్తుంది, అది రాగి. మరక రాని దాకా చేయండి, ద్రవాన్ని రాత్రంతా లోపల వదలకండి. చివర్లో మూతి నుంచి వెలుతురు చూడండి. మరిచిపోయిన గుడ్డముక్క, బురద, నీళ్ళు, ఏది లోపలున్నా తూటా పేలితే గొట్టం చీలిపోవచ్చు.

ప్రశ్న: బల్ల మీద 3 సెం.మీ. గ్రూప్ వేసే నేను పొలం గట్టు మీద నుంచి 150 మీటర్లకు కాగితం పళ్ళెం కూడా కొట్టలేకపోయాను.

జవాబు: గొట్టాన్ని గట్టు మీదో కొమ్మ మీదో నేరుగా ఆనించారేమో చూసుకోండి. గట్టి వస్తువు మీద గొట్టం ఆనితే పేలినప్పుడు అది పైకి ఎగిరి దెబ్బ ఎత్తుకుపోతుంది. స్టాక్ ముందుభాగం కింద సంచి గానీ, మడిచిన చొక్కా గానీ, మీ అరచెయ్యి గానీ ఉండాలి. గాలి కూడా చూడండి. సెకనుకు 4 మీటర్ల అడ్డగాలి .308ను 200 మీటర్ల దగ్గర 7 నుంచి 9 సెం.మీ. పక్కకు తోస్తుంది.

ఇక మీ దూరం మీరే కొలుచుకోండి. 20 సెం.మీ. కాగితపు పళ్ళెం 50 మీటర్ల దగ్గర పెట్టి, నడిచి వచ్చి, కాస్త ఆయాసం ఉండగానే కూర్చునో, కర్రకు ఆనించో ఐదు తూటాలు కాల్చండి. ఐదూ పళ్ళెంలో పడితే 75కు, ఆపైన 100కు జరపండి. ఒక్కటి బయటపడిన దూరానికి ఒక మెట్టు ముందరిదే ఈ సీజన్‌కు మీ హద్దు. అంతకన్నా దూరంలో ఉన్న జంతువు మీద ట్రిగ్గర్ నొక్కకండి. గాయపడి పొదల్లోకి పోయి చచ్చే జంతువు బాధను ఏ స్కోపూ సరిదిద్దలేదు. నిలబడి చేతుల మీద కాల్చే హద్దును విడిగా కొలవండి. చాలామందికి అది 75 మీటర్ల లోపే తేలుతుంది.